బలం లేదన్నది సాకు కాకూడదు

పీవీ నరసింహారావు గురించి తెలుగునాట ఒక మాట స్థిరపడిపోయింది. ఆయనకు లోక్‌సభలో మెజారిటీ లేదు, ఖజానా ఖాళీ, సొంత పార్టీలోనే కుర్చీ కింద మంట పెట్టేవాళ్ళు. అయినా ఐదేళ్ళు ప్రభుత్వాన్ని నిలబెట్టి దేశాన్ని గట్టెక్కించారు. కాబట్టి బలం కూడగట్టడానికి ఏం చేసినా తప్పు పట్టకూడదు అన్నది ఆ మాట. జయంతి సభల్లో, పత్రికల్లో, టీవీ చర్చల్లో ఏటా వినేది ఇదే. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీల ముడుపుల ఊసు ఎవరైనా ఎత్తితే, "మైనారిటీ ప్రభుత్వం కదండీ, మరేం చేస్తారు?" అని తేల్చేస్తారు. ఇంకొందరు ఒక అడుగు ముందుకేసి, దాన్నే అపర చాణక్యం అని మెచ్చుకుంటారు.

ఈ వాదనను నేను ఒప్పుకోను. పీవీని చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. స్వతంత్ర భారతదేశాన్ని ఏలిన ప్రధానుల్లో ఆయన స్థానం ఎవరూ చెరపలేనిది. అయితే ఆయన్ను వెనకేసుకు రావడానికి వాడుతున్న ఈ వాదన చరిత్రకు సరిపడదు, పైగా ఆయన చేసిన అసలు మేలునే మరుగున పడేస్తుంది. ఆ ఐదేళ్ళను నెలల వారీగా చూస్తే కనబడేది వేరు. ఆయన పాలనలో మేలైనదంతా దాదాపుగా మెజారిటీ లేని రోజుల్లో, ఎదుటివాళ్ళను ఒప్పించి సాధించినది. మాయని మచ్చ పడింది, ఒప్పించడం మాని తలకాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టినప్పుడు. తీరా మెజారిటీ చేతికొచ్చాక చేసింది తక్కువ.

ఒప్పించి నెగ్గిన రోజులు

1991 మే 21న, ఎన్నికలు సగంలో ఉండగా, శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఫలితాలు వచ్చేసరికి కాంగ్రెస్‌కు దక్కినవి 232 స్థానాలు. ఆ ఎన్నికల్లో పోటీ కూడా చేయకుండా, పుస్తకాలు సర్దుకుని హైదరాబాదు తిరిగి రావడానికి సిద్ధమైన పీవీ, జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేశారు. అప్పటికి విదేశీ మారకం నిల్వలు రెండు వారాల దిగుమతులకు మించి చాలవు. జూలై 1న ఒకసారి, 3న మరోసారి రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకొచ్చింది. 18 పరిశ్రమలు మినహా మిగతా వాటన్నిటికీ లైసెన్సు అక్కర్లేదని చెప్పిన ఆ పత్రం, పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకుని తయారు చేయించినది. కొన్ని గంటల తర్వాత మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు.

ఇదంతా జరిగింది సభలో మెజారిటీ లేకుండానే. జూలై 15న విశ్వాస తీర్మానం మీద ఓటింగు జరిగినప్పుడు నేషనల్ ఫ్రంటూ వామపక్షాలూ వ్యతిరేకంగా ఓటు వేయకుండా పక్కకు తప్పుకున్నాయి. కారణం దాపరికం లేనిదే. మళ్ళీ ఎన్నికలంటే దేశం భరించలేదు, బీజేపీ బలపడుతుంది, మునిగిపోతున్న ఖజానాను ఎవరో ఒకరు ఒడ్డుకు లాగాలి. ఈ లెక్కను ప్రతిపక్షాలు అర్థం చేసుకునేలా చేయడమే అప్పటి నేర్పు.

ఎరువుల ధరల సంగతి చూడండి. ఆ బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. కాంగ్రెస్ ఎంపీలే భగ్గుమన్నారు. పల్లెల్లోకి ఏ మొహం పెట్టుకుని వెళ్తామని సొంత ఆర్థిక మంత్రినే నిలదీశారు. బలమున్న ప్రభుత్వమైతే విప్ జారీ చేసి నోళ్ళు మూయించేది. పీవీ ఆ పని చేయలేదు. వాళ్ళు చెప్పింది విన్నారు, మన్మోహన్‌ను వాళ్ళ ముందు కూర్చోబెట్టారు. ఆగస్టు మొదటి వారానికల్లా పెంపు 30 శాతానికి దిగింది, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు వచ్చింది. బడ్జెట్ గట్టెక్కింది. సబ్సిడీ తగ్గించాలన్న ఉద్దేశమూ కొంత నెరవేరింది, బక్క రైతు మీద భారమూ పడలేదు. బలం లేనందువల్ల ఆ బడ్జెట్ చెడిపోలేదు, మెరుగుపడింది. ఈ చిన్న ఉదంతాన్ని పీవీ అభిమానులు ఎందుకు చెప్పుకోరో నాకు అర్థం కాదు.

ఇంతకంటే పెద్ద సాక్ష్యం 73, 74 రాజ్యాంగ సవరణలు. గ్రామ పంచాయతీలకు, పురపాలికలకు ఐదేళ్ళకోసారి విధిగా ఎన్నికలు జరగాలని, మహిళలకు మూడో వంతు స్థానాలు ఉండాలని రాజ్యాంగంలో రాసిన సవరణలవి. రాజ్యాంగాన్ని సవరించాలంటే మొత్తం సభ్యుల్లో సగానికి మించి, ఓటు వేసినవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. మామూలు మెజారిటీయే లేని ప్రభుత్వం అది. పైగా సమయం 1992 డిసెంబరు. బాబ్రీ మసీదు కూలి పట్టుమని మూడు వారాలు కాలేదు, దేశం రగులుతోంది, సభలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి. అయినా డిసెంబరు 22న లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ వాటిని ఆమోదించాయి. అంతకుముందు రాజీవ్ గాంధీ హయాంలో, లోక్‌సభలో నాలుగు వందలకు పైగా సభ్యులున్న కాంగ్రెస్ ఇదే పని తలపెట్టి 1989లో రాజ్యసభలో ఓడిపోయింది. కొండంత మెజారిటీకి సాధ్యం కానిది మైనారిటీ ప్రభుత్వానికి ఎలా సాధ్యమైంది? రాష్ట్రాలనూ ప్రతిపక్షాలనూ కలుపుకుపోయింది కాబట్టి. ఈ రోజు మన పల్లెల్లో సర్పంచి కుర్చీలో కూర్చున్న ప్రతి మహిళా ఆ ఒప్పందపు ఫలమే. చాణక్యం అన్న మాట వాడక తప్పదంటే ఇక్కడ వాడండి.

1993 జూలై 28

ఇక మచ్చ సంగతి. దాన్ని గుసగుసగా చెప్పుకోవలసిన అవసరం లేదు, సుప్రీంకోర్టు తీర్పులోనే వివరంగా ఉంది. 1993 జూలైలో సీపీఎం సభ్యుడు అజయ్ ముఖోపాధ్యాయ అవిశ్వాస తీర్మానం పెట్టారు. అప్పటికి సభలో ఉన్న సభ్యులు 528 మంది. కాంగ్రెస్ బలం 251. సగం దాటడానికి 14 మంది తక్కువ. జూలై 28న ఓటింగు జరిగితే తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 వచ్చాయి. ప్రభుత్వం 14 ఓట్ల తేడాతో బతికింది. శిబూ సోరెన్‌తో కలిపి నలుగురు జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు, జనతాదళ్ (అజిత్ సింగ్ వర్గం) నుంచి చీలినవాళ్ళు ప్రభుత్వం వైపు నిలిచారు. కొద్ది రోజులకే ఢిల్లీ నౌరోజీనగర్‌లోని పంజాబ్ నేషనల్ బ్యాంకు శాఖలో మోర్చా ఎంపీల ఖాతాల్లో లక్షలకు లక్షలు నగదు జమ అయింది.

1996లో సీబీఐ కేసు నమోదైంది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు మాజీ ప్రధాని తరఫున వినిపించిన వాదన ఏమిటో మనం మరిచిపోకూడదు. సభలో వేసిన ఓటుకు సంబంధించి ఏ న్యాయస్థానమూ ఎంపీని విచారించరాదని రాజ్యాంగం 105(2) అధికరణ చెబుతోంది కాబట్టి ఈ కేసే చెల్లదన్నారు. ఎంపీ అవినీతి నిరోధక చట్టం కిందకు వచ్చే ప్రజాసేవకుడే కాదన్నారు. 1998 ఏప్రిల్ 17న ఐదుగురు న్యాయమూర్తులు 3-2 తేడాతో తీర్పు చెప్పారు. లంచం పుచ్చుకుని ఓటు వేసినవాళ్ళకు రక్షణ ఉందని, ఇచ్చినవాళ్ళకు లేదని దాని సారం. పుచ్చుకున్నారన్న ఆరోపణ ఉండి ఓటింగులో పాల్గొనని అజిత్ సింగ్‌కూ రక్షణ దక్కలేదు. అంటే సొమ్ము తీసుకుని మాట నిలబెట్టుకున్న ఎంపీ క్షేమం, మాట తప్పినవాడు బోనులో. పార్లమెంటు గౌరవానికి ఇంతకంటే పెద్ద దెబ్బ మరొకటి నాకు కనబడదు. ఆ తీర్పు పాతికేళ్ళకు పైగా ఈ దేశపు చట్టంగా నిలిచింది. న్యాయ విద్యార్థులు దాన్ని చదువుకునేది పీవీ నరసింహారావు కేసు అన్న పేరుతోనే.

2024లో జరిగింది చూడండి. ఫిబ్రవరి 9న పీవీకి భారతరత్న ప్రకటించారు. మార్చి 4న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, శిబూ సోరెన్ కోడలు సీతా సోరెన్ కేసులో, ఆ పాత తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. లంచం తీసుకోవడం సభ్యుడి హక్కులో భాగం కాదని, సొమ్ము తీసుకున్న క్షణానే నేరం పూర్తవుతుందని తేల్చింది. మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో పీవీ కుమారుడు భారతరత్న అందుకున్నారు. యాభై రోజుల్లో ఈ మూడూ జరిగితే మన పత్రికలు మొదటిదీ మూడోదీ పతాక శీర్షికల్లో వేశాయి. రెండోదాన్ని ఆయన పేరుతో ముడిపెట్టి చర్చించినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. గౌరవం ఇచ్చినందుకు నాకు అభ్యంతరం లేదు. ఆ గౌరవం సందడిలో ఈ లెక్క తేలకుండా పోవడమే నా అభ్యంతరం.

నాలుగు సమర్థనలు

మొదటి సమర్థన: ప్రభుత్వం పడిపోయి ఉంటే సంస్కరణలు ఆగిపోయేవి, దేశం మళ్ళీ దివాలా దారి పట్టేది. 1991 భయాన్ని 1993కు అంటగట్టడం ఇది. 1993 జూలై నాటికి లైసెన్సుల రద్దు జరిగిపోయింది. ఆ ఏడాది మార్చికే రూపాయి మారకపు రేటును మార్కెట్‌కు వదిలేశారు. విదేశీ మారకం నిల్వలు తేరుకున్నాయి. గండం దాటిపోయింది. పైగా 1996లో కాంగ్రెస్ ఓడిపోయి, సీపీఐ మంత్రులతో సహా యునైటెడ్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చాక సంస్కరణలు ఆగాయా? ఆర్థిక మంత్రి చిదంబరం 1997లో పన్నులు తగ్గిస్తూ పెట్టిన బడ్జెట్‌ను వ్యాపార వర్గాలు కలల బడ్జెట్ అన్నాయి. ఆ తర్వాత వాజ్‌పేయి వచ్చారు, దారి మారలేదు. ఒక మనిషి కుర్చీ దిగితే కూలిపోయేంత బలహీనమైన పని పీవీ చేయలేదు. ఆయన పని గట్టిదని నమ్మేవాళ్ళు ఈ సమర్థన చేయకూడదు.

దీనికి అనుబంధంగా, బాబ్రీ కూల్చివేత తర్వాత ఎన్నికలు వస్తే మతోన్మాదం గెలిచేదని మరో భయం చెబుతారు. నాలుగు నెలలకే, 1993 నవంబరులో, బీజేపీ ప్రభుత్వాలను రద్దు చేసిన రాష్ట్రాల్లో ఎన్నికలు జరిగాయి. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్‌లలో ఆ పార్టీకి అధికారం తిరిగి దక్కలేదు. ఓటరును నమ్మలేక ఎంపీని కొనుక్కోవడం మేలని చెప్పే ఈ వాదనకు ఓటరే అప్పుడే జవాబు చెప్పాడు.

రెండో సమర్థన: కోర్టులు నిర్దోషి అన్నాయి. నిజమే, ఆ మాట ఎవరు రాసినా పూర్తిగా రాయాలి. 2000 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానం పీవీని, కాంగ్రెస్ నాయకుడు బూటా సింగ్‌ను దోషులుగా తేల్చి, అక్టోబరులో మూడేళ్ళ శిక్ష వేసింది. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, అప్రూవర్‌గా మారిన మోర్చా మాజీ ఎంపీ శైలేంద్ర మహతో సాక్ష్యం నమ్మదగినది కాదని చెప్పి, ఇద్దరినీ విడిచిపెట్టింది. ఆయన మీద పెట్టిన మిగతా కేసులూ నిలవలేదు. చట్టం దృష్టిలో ఆయన నిర్దోషి, ఆయన్ను నేరస్తుడు అనే హక్కు ఎవరికీ లేదు. కానీ జైలుకు పంపడానికి కావలసిన రుజువు వేరు, ప్రధాని నిజాయితీని తూచడానికి కావలసిన కొలబద్ద వేరు. తన ప్రభుత్వం బతికిన ఓటింగులో పాల్గొన్న ఎంపీల ఖాతాల్లోకి ఆ సొమ్ము ఎక్కడి నుంచి, ఎందుకు వచ్చిందో దేశానికి తేటతెల్లంగా చెప్పించే బాధ్యత ప్రధానిదా కాదా? ఈ విచారణ జరపడానికే వీల్లేదని సుప్రీంకోర్టులో వాదించడం ఒక ముద్దాయికి ఉన్న హక్కు. ప్రధాని పదవి చేసిన మనిషి ఆ హక్కు వెనక నిలబడితే పార్లమెంటు పరువు పోతుంది, పోయింది కూడా.

మూడో సమర్థన మన ఇళ్ళలో ఎక్కువగా వినబడేది: ఆయన సొంతానికి ఏమీ వెనకేసుకోలేదు, చివరి రోజుల్లో లాయర్ల ఫీజులకు ఇల్లు అమ్ముకోవలసిన పరిస్థితి వచ్చింది. ఇది నమ్మడానికి నాకు ఇబ్బందేమీ లేదు. అయితే తినకపోవడం ఒక్కటే నిజాయితీ అన్న ఈ కొలత మన రాజకీయాలకు పట్టిన పెద్ద జబ్బు. తాను తినకుండా ఇతరులకు తినిపించి ఓటు రాబట్టుకునే ఏర్పాటు సాగినప్పుడు, దాని వల్ల లాభపడ్డ నాయకుడి జేబు ఖాళీగా ఉన్నంత మాత్రాన జనానికి జరిగిన నష్టం తగ్గదు. తిన్నవాడు డబ్బే తింటాడు. ఓటు కొంటే పోయేది జనం ఇచ్చిన తీర్పు. మైనారిటీ ప్రభుత్వ నాయకుడి నిజాయితీకి పరీక్ష ఆయన ఆస్తుల జాబితాలో ఉండదు, సభలో ఆయనకు పడ్డ ప్రతి ఓటూ ఎలా వచ్చిందన్న దాంట్లో ఉంటుంది.

నాలుగోది: అందరూ చేసేదే కదా! అందరూ చేయలేదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో 269-270తో, ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ వచ్చి ఓటు వేశారు. స్పీకర్ స్థానంలో ఉన్నది మన అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి. గమాంగ్ ఓటు సంగతి ఆయన అంతరాత్మకే వదిలేశారు. బాలయోగి పార్టీ తెలుగుదేశం అప్పుడు ప్రభుత్వం వైపు ఉంది, అయినా ఆయన కుర్చీ మర్యాద తప్పలేదు. వాజ్‌పేయి రాజీనామా చేశారు, జనం దగ్గరకు వెళ్ళారు, అక్టోబరుకల్లా తిరిగి వచ్చారు. ఆ ఒక్క ఓటు ఓటమి ఆయనకు మచ్చగా ఎవరైనా చెప్పుకుంటున్నారా? ఓడిపోవడం కూడా పరిపాలనలో భాగమే. ఆ మాటకొస్తే పీవీకి అది తెలియనిదేమీ కాదు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పట్టుబట్టి, జై ఆంధ్ర ఉద్యమం నడుమ 1973లో పదవి పోగొట్టుకున్న మనిషి ఆయన. పదవి కంటే పని పెద్దదనుకున్న ఆ పీవీ 1993లోనూ ఉండి ఉంటే బాగుండేది.

అదే సాకు, అయోధ్యలో

బలం లేదన్న సాకును ముడుపుల దగ్గరే ఆపలేదు, బాబ్రీ దాకా లాక్కెళ్ళారు. మైనారిటీ ప్రధాని ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని ముందుగా ఎలా రద్దు చేస్తారని అడుగుతారు. రికార్డు ఏం చెబుతోంది? 1992 నవంబరు 23న జాతీయ సమైక్యతా మండలి సమావేశమైంది. బీజేపీ దానికి రాలేదు. ప్రధాని ఏ చర్య తీసుకున్నా పూర్తిగా సహకరిస్తామని మిగిలినవాళ్ళు తీర్మానం చేసి ఇచ్చారు. కూల్చివేత తర్వాత వాజ్‌పేయి పెట్టిన అవిశ్వాస తీర్మానం 336-111తో వీగిపోయింది. అదే ఏడాది జూలైలో అవిశ్వాసం మీద 46 ఓట్ల తేడాతో నెగ్గిన ప్రభుత్వం డిసెంబరులో 225 ఓట్ల తేడాతో నెగ్గింది. మతతత్వాన్ని ఎదుర్కొనే ప్రధానికి సభలో మద్దతు కొండంత ఉందనడానికి ఇంకేం కావాలి? అప్పటి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీని నమ్మడం సబబా కాదా అన్నది వాదించుకోవచ్చు. రాజ్యాంగం తన చేతులు కట్టేసిందని పీవీ, ఆయన మరణానంతరం వచ్చిన అయోధ్య పుస్తకంలో, వివరంగానే వాదించారు. ఆ వాదనను దాని బలం మీద తూచుదాం. కానీ సభలో బలం లేక ఊరుకున్నారన్నది మాత్రం నిలవని మాట. బలం ఉంది, నిర్ణయం లేదు.

మెజారిటీ వచ్చాక

1993 డిసెంబరు చివర అజిత్ సింగ్ తన పదిమంది ఎంపీలతో కాంగ్రెస్‌లో కలిశారు. రెండున్నరేళ్ళ నిరీక్షణ ఫలించి ప్రభుత్వానికి సొంత మెజారిటీ దక్కింది. మరి సంకెళ్ళు తెగిన ప్రభుత్వం పరుగు తీయాలి కదా! బీమా రంగం మీద మల్హోత్రా కమిటీ నివేదిక 1994 జనవరిలోనే వచ్చింది, పక్కన పెట్టారు. ఆ పని 1999లో మరో ప్రభుత్వం చేసింది. కార్మిక చట్టాల జోలికి పోలేదు. 1994 టెలికాం విధానం, డబ్ల్యూటీవో ఒప్పందం లాంటివి ఉన్నాయి, కాదనను. అదే ఏడాది ఫిబ్రవరిలో కాశ్మీర్ మీద పార్లమెంటు చేసిన తీర్మానం గొప్పదే, అయితే అది ఏకగ్రీవ తీర్మానం, దానికి కొనితెచ్చుకున్న మెజారిటీతో పనిలేదు. 1991 జూలైలో మూడు వారాల్లో జరిగిన పని ముందు ఆ రెండున్నరేళ్ళ పని తేలిపోతుంది. 1994 డిసెంబరులో సొంత రాష్ట్రంలో కాంగ్రెస్ 294 స్థానాలకు 26 గెలిచింది. 1996లో లోక్‌సభలో 140కి పడింది. కాబట్టి ఓట్లు కూడగట్టి నిలబెట్టుకున్న కాలం దేశానికి అంత అవసరమైన కాలమన్న మాటా నిలవదు.

ఇక్కడే తెలుగు పాఠకుడికి మరో సంగతి గుర్తుచేయాలి. 1991 నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. పీవీ 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. మరుసటి ఏడే ఎన్టీఆర్ పార్టీ ఎంపీల్లో ఒక వర్గం చీలి ఢిల్లీ ప్రభుత్వానికి అండగా చేరింది. అప్పట్లో మూడో వంతు మంది కలిసి చీలితే చట్టం ఏమీ అనేది కాదు, 2003లో గాని ఆ కన్నం పూడలేదు. చట్టం ఒప్పుకున్నదే కావచ్చు. తెలుగు ఆత్మగౌరవం పేరు చెప్పి పీవీని మోసేవాళ్ళు, ఆ ఆత్మగౌరవం పేరుతో చూపిన పెద్దరికానికి దక్కిన ప్రతిఫలం గురించి కూడా ఒక్క మాట చెప్పాలి. 2004 డిసెంబరులో ఆయన భౌతికకాయాన్ని కాంగ్రెస్ కార్యాలయంలోకి రానివ్వకపోవడం సిగ్గుమాలిన పని. ఆ అవమానానికి మనసు మండడం సహజం. అవమానించినవాళ్ళు తప్పు చేశారు కాబట్టి అవమానానికి గురైన మనిషి చేసినదంతా ఒప్పు అనడం మాత్రం న్యాయం కాదు.

ఈ పాత లెక్క ఇప్పుడు ఎందుకంటే, ఆ సాకు వేళ్ళూని మానైంది. 2008 జూలైలో అణు ఒప్పందం మీద మన్మోహన్ ప్రభుత్వం బలపరీక్షకు నిలిచినప్పుడు లోక్‌సభ బల్ల మీద నోట్ల కట్టలు పడ్డాయి. ప్రభుత్వానికి బలం చాలకే అలా జరుగుతోందని అప్పుడూ అన్నారు. మరి బలం ఉన్నచోట ఏం జరిగింది? ఆంధ్రప్రదేశ్‌లో 2014లో నిండు మెజారిటీతో గెలిచిన తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలను చేర్చుకుంది, వాళ్ళలో కొందరిని మంత్రులనూ చేసింది. తెలంగాణలో 2018లో 119కి 88 గెలిచిన టీఆర్ఎస్, మరుసటి ఏడు 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను కలిపేసుకుని ఆ పార్టీకి ప్రతిపక్ష హోదా లేకుండా చేసింది. 2023లో గెలిచిన కాంగ్రెస్ హయాంలో పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈ మూడింటిలో ఏదీ మైనారిటీ ప్రభుత్వం కాదు. గోడ దూకించే అలవాటుకు సభలో బలం తక్కువ కావడం కారణమే అయితే, బలమున్నవాళ్ళు ఎందుకు దూకిస్తున్నారు? కారణం బలం లేకపోవడంలో లేదు. పట్టుబడినా జనం చాణక్యమని మెచ్చుకుంటారన్న ధీమాలో ఉంది. ఆ ధీమా ఇచ్చింది మనమే.

ఇకముందు కూడా ఢిల్లీలో ఏ ఒక్క పార్టీకీ సొంత మెజారిటీ రాని సభలు వస్తాయి. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగితే, తెలుగుదేశం 16 మంది ఎంపీలు కేంద్రానికి కావలసినవాళ్ళయ్యారు. అలాంటి సభను చూసి భయపడనక్కర్లేదు. వినే నాయకుడు ఉంటే అది దేశానికి ఎంత మేలు చేయగలదో పీవీయే చూపించారు. అలాంటి నాయకుడిని తూచేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి: తనకు పడ్డ ఓట్లు ఎలా వచ్చాయో దాచకుండా చెప్పగలడా? ఎదుటివాళ్ళకు ఇచ్చింది ఎరువుల ధర తగ్గింపులా జనం కోసం బహిరంగంగా ఇచ్చిందా, చీకట్లో ఒక మనిషికి ఇచ్చిందా? దక్కిన కాలాన్ని పనికి వాడాడా, కుర్చీకి వాడాడా? 1991 నుంచి 1992 దాకా ఈ ప్రశ్నలకు పీవీ ఇచ్చిన జవాబులు, అయోధ్య ఒక్కటి మినహాయిస్తే, ఏ ప్రధానికైనా గర్వకారణం. 1993 జూలై తర్వాత ఇచ్చినవి అలాంటివి కావు. రెండింటినీ మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో పక్కపక్కన రాయాలి. ఆయన్ను మన మనిషి అనుకునేవాళ్ళే ముందు ఆ పనికి పూనుకోవాలి. మనవాడి లెక్క మనమే సరిగా చూడకపోతే, రేపు పరాయివాడి లెక్క అడిగే నోరు మనకు ఉండదు.